1950లో బ్రెజిల్‌కు వెళ్లకపోవడమే మన ఫుట్‌బాల్‌ను దెబ్బతీసిందా?

గంటస్తంభం (విజయనగరం):

2027 ఆసియా కప్ అర్హత పోటీల్లో మన జట్టు చేతులెత్తేసిన నాటి నుంచి, ఊళ్లో ఫుట్‌బాల్ తెలిసినవాళ్లు నలుగురు చేరితే ఒకే మాట వినబడుతోంది. 2025 అక్టోబరులో గోవాలో సింగపూర్ చేతిలో 1–2తో ఓడి అర్హత పోగొట్టుకున్నాం. మరుసటి నెల ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0–1తో ఓడాం. దీనికంతటికీ మూలం 1950లోనే ఉందని అయోధ్యా మైదానంలో కలిసే పాత ఆటగాళ్లు గట్టిగా నమ్ముతున్నారు. ఆ ఏడాది బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ కప్‌లో ఆడే హక్కు వచ్చి కూడా మనం వెళ్లలేదు, వెళ్లి ఉంటే మన ఆట దశ తిరిగేదని వారి వాదన. నేను దీనితో ఏకీభవించను. ఎందుకో వివరంగా రాస్తాను, కాదన్నవారు కూడా అంతే వివరంగా రాయాలని కోరుతున్నాను.

ఆ హక్కు ఎలా వచ్చిందో ముందుగా చూడాలి. మన విభాగంలో ఉన్న బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తప్పుకోవడంతో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే మనకు చోటు దక్కింది. స్వీడన్, ఇటలీ, పరాగ్వేలతో కలిపి ఒకే గ్రూపులో వేశారు. ప్రయాణ దూరం, ఖర్చు, సాధనకు వ్యవధి చాలకపోవడం, జట్టు ఎంపికలో భేదాభిప్రాయాలు వంటి కారణాలతో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య జట్టును పంపలేదు. వీటన్నిటి వెనుక ఉన్న అసలు సంగతి ఏమిటంటే, ఆ రోజుల్లో మన దేశంలో ఒలింపిక్స్‌కు ఉన్న గౌరవంలో పదో వంతు కూడా ప్రపంచ కప్‌కు లేదు. అప్పటి జట్టు నాయకుడు శైలేన్ మన్నా కూడా తమకు ఒలింపిక్సే సర్వస్వమని తరువాతి కాలంలో చెప్పుకున్నారు.

వెళ్లకపోవడం తప్పే. అయితే ఆ తప్పు మన ఆటను దెబ్బతీసిందనడానికి ఆధారం ఎక్కడుంది? బ్రెజిల్‌కు వెళ్లని మరుసటి ఏడాదే, 1951లో, ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో మేవాలాల్ గోల్‌తో ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం గెలిచాం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించాం. ఆ మ్యాచ్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా ఆటగాడు హ్యాట్రిక్ చేయడం అదే మొదలు. ఆ పోటీల్లో నాలుగో స్థానం దక్కింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మళ్లీ స్వర్ణం. 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం. దెబ్బ తిన్న ఆట పద్నాలుగేళ్ల పాటు ఇలా పైకి ఎగబాకదు.

ఈ విజయాల్లో మెల్‌బోర్న్ వరకూ, జకార్తా వరకూ జట్టును నడిపించినది హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును ఆయన తీర్చిదిద్దిన కాలంలోనే ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ అనే పేరున్న దేశవాళీ పోటీ గెలిచింది. పిల్లలకు ఎడమ కాలితోనే తన్నాలన్న నియమంతో పోటీలు పెట్టడం, బంతిని కాళ్ల దగ్గర ఉంచుకోకుండా వెంటనే అందించాలన్న నియమంతో పోటీలు పెట్టడం ఆయన పద్ధతి. ఆయన 1963 జూన్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన నేర్పిన పద్ధతిని ఒక పాఠ్యక్రమంగా మార్చి జిల్లా జిల్లాకూ చేర్చే పని సమాఖ్య చేయలేదు. మన ఆటకు తగిలిన దెబ్బ అక్కడ ఉందని నా నమ్మకం.


కోటబురుజు (బొబ్బిలి):

గంటస్తంభం గారూ, రహీం గారి గొప్పతనం విషయంలో మనకు తగాదా లేదు. కానీ 1950 నాటి నిర్ణయాన్ని మీరు ఒక్క ఏడాది పొరపాటుగా చూస్తున్నారు. నేను దాన్ని ఒక అలవాటుకు ఆరంభంగా చూస్తున్నాను. 1950లో మనం వెళ్లలేదు. ఆ తరువాత ప్రపంచ కప్ అర్హత పోటీల్లో మన జట్టు మైదానంలోకి దిగినది 1985లో, అంటే ముప్పై ఐదేళ్లకు. ఆసియాలో మనం స్వర్ణాలు గెలుస్తున్న రోజుల్లో కూడా, ఒక తరం ఆటగాళ్లు ప్రపంచ కప్ దారిలో ఒక్క మ్యాచ్ ఆడకుండా రిటైరయ్యారు. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, తులసీదాస్ బలరాం ముగ్గురూ కలిసి ఆడిన జట్టుకు ఆ అవకాశం ఇవ్వకపోవడం చిన్న విషయమా?

ఇదే కాలంలో దక్షిణ కొరియా ఏం చేసిందో చూడండి. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1954లో, స్విట్జర్లాండ్‌కు వెళ్లి హంగరీ చేతిలో 0–9తో, టర్కీ చేతిలో 0–7తో ఓడింది. అంతకంటే అవమానం ఏ జట్టుకూ ఉండదు. అయినా ఆ దేశం ప్రపంచ కప్‌ను తన లక్ష్యంగా పెట్టుకుంది. 1986 నుంచి ఒక్క ప్రపంచ కప్‌కు కూడా దూరం కాలేదు. 2002లో సెమీఫైనల్ ఆడింది. లక్ష్యం ఉన్నచోట పద్ధతి పుడుతుంది, శిక్షకులు పుడతారు, డబ్బు వస్తుంది. మనకు లక్ష్యమే లేకుండా పోయింది.

మన విజయనగరం పేరు క్రీడాలోకంలో మొదట వినబడింది విజ్జీ వల్ల. 1936లో ఇంగ్లండ్‌కు వెళ్లిన క్రికెట్ జట్టుకు ఆయన నాయకుడు. ఆ పర్యటన ఎంత అస్తవ్యస్తంగా సాగిందో అందరికీ తెలుసు. 1932లో తొలి టెస్టు ఆడిన క్రికెట్ జట్టుకు తొలి విజయం దక్కింది 1952లో. ఇరవై ఏళ్లు గెలుపు ఎరుగకపోయినా ఆ జట్టు పెద్ద వేదికల నుంచి తప్పుకోలేదు, పెద్ద జట్లతో ఆడటం మానలేదు. ఫుట్‌బాల్‌ను ఇంటి గుమ్మం దాటనివ్వని నిర్ణయం 1950లోనే మొదలైందని నేను గట్టిగా అంటాను.


చీపురుపల్లి (చీపురుపల్లి):

అసలు మన జట్టును ఫిఫాయే రానివ్వలేదని, వట్టికాళ్లతో ఆడతామంటే కుదరదన్నారని చిన్నప్పటి నుంచి వింటున్నాము. మరి తప్పు మనదెలా అవుతుంది?


గంటస్తంభం (విజయనగరం):

చీపురుపల్లి వారికి ముందుగా జవాబు రాస్తాను, ఎందుకంటే ఈ కథ చాలామంది నమ్ముతున్నది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో ఆడిన మన జట్టులో ఎక్కువమంది వట్టికాళ్లతోనే ఆడారు. సారంగపాణి రామన్ గోల్ కొట్టాడు, రెండు పెనాల్టీలు వృథా చేసుకుని 1–2తో ఓడాం. అక్కడి ప్రేక్షకులు ఆ ఆటను ఎంతో మెచ్చుకున్నారు. ఆ చిత్రం మన జ్ఞాపకంలో బలంగా నిలిచిపోవడంతో, రెండేళ్ల తరువాత జరిగినదానికి కూడా దాన్నే కారణంగా అతికించారు. బూట్ల వల్ల వెళ్లలేదన్నది సాకేనని శైలేన్ మన్నా స్వయంగా చెప్పిన తరువాత మనం ఆ కథను పట్టుకుని ఉండటం సరి కాదు. బూట్లు మనకు తప్పనిసరి అయినది 1952 హెల్సింకీ ఒలింపిక్స్ తరువాత. ఆ చలిలో కొందరు బూట్లు లేకుండా దిగి యుగోస్లావియా చేతిలో 1–10తో ఓడాక సమాఖ్యే ఆ నియమం పెట్టింది.

ఇప్పుడు కోటబురుజు గారికి. హెల్సింకీ సంగతి చెప్పాను కనుక దానితోనే మొదలుపెడతాను. మన ఫుట్‌బాల్ ఇంటి గుమ్మం దాటలేదన్నారు. 1948, 1952, 1956, 1960లలో వరుసగా నాలుగు ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టు అది. పది గోల్స్ మింగి వచ్చింది, నాలుగేళ్లకు సెమీఫైనల్ ఆడింది. ఆ సెమీఫైనల్లో ఎదురైనది అదే యుగోస్లావియా. 1–4తో ఓడినా, మొదటి గోల్ మనదే, డిసౌజా కొట్టినదే. కొరియా 1954లో పొందిన అనుభవం వంటిదే మనకు 1952లో దొరికింది. ఓటమి నుంచి నేర్చుకోవడమూ జరిగింది. అప్పుడు నేర్పగలవాడు జట్టుతో ఉన్నాడు కనుక జరిగింది. వేదిక లేకపోవడం ఆనాటి లోపం కాదు.


పొందూరు (పొందూరు, శ్రీకాకుళం జిల్లా):

పెద్దలిద్దరూ ఒక విషయాన్ని ప్రశ్నించకుండానే ఒప్పుకుంటున్నారు. ఆ స్వర్ణయుగం నిజంగా అంత గొప్పదా? 1956లో పాల్గొన్నవి పదకొండు దేశాలు. హంగరీ తప్పుకోవడంతో మొదటి రౌండు ఆడకుండానే దాటాం. ఒక్క ఆస్ట్రేలియాపై గెలిచి, తరువాత యుగోస్లావియాతో, కాంస్యం కోసం బల్గేరియాతో (0–3) ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. 1962 జకార్తాకు ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను రానివ్వలేదు. తైవాన్ అంతకు ముందు రెండు ఆసియా క్రీడల్లోనూ స్వర్ణం గెలిచిన జట్టు. 1964 ఆసియా కప్‌లో ఆడినవి నాలుగే జట్లు, మనకు అర్హత వచ్చినది కూడా మిగతావారు తప్పుకోవడం వల్లే. మధ్యలో ఆసియా క్రీడల్లో, 1954 మనీలాలో గ్రూపు దశలోనే వెనుదిరిగాం, 1958 టోక్యోలో కాంస్యం కోసం ఇండోనేషియాతో ఆడి 1–4తో ఓడాం. వీటిని ఎవరూ తలచుకోరు.

అప్పటికి ఆసియాలో చాలా దేశాలు ఆటను ఇంకా సరిగ్గా మొదలుపెట్టలేదు. సౌదీ అరేబియా, ఖతార్, యూఏఈ వంటి దేశాల జట్లు అప్పుడు పోటీలోనే లేవు. వాళ్లు తరువాత వచ్చారు, మనల్ని దాటి పోయారు. పతనమని మనం అంటున్నది, నిజానికి మనం ఉన్నచోటే నిలబడిపోవడం. అలాంటప్పుడు 1950నీ తప్పుపట్టనక్కరలేదు, 1963నీ తప్పుపట్టనక్కరలేదు.


గంటస్తంభం (విజయనగరం):

పొందూరు వారి అభ్యంతరం ఈ చర్చలో ఇప్పటివరకు వచ్చినవాటిలో బలమైనది. తప్పుకున్న జట్ల సంగతి, మనీలా, టోక్యోల సంగతి అన్నీ నిజాలే. అయితే మన స్థాయిని తూచడానికి, తప్పుకోకుండా వచ్చి మనతో ఆడిన జట్లను తీసుకోవాలి కదా. 1956, 1960 ఆసియా కప్‌లు రెండూ గెలిచిన జట్టు దక్షిణ కొరియా. దాన్ని మనం 1962 ఫైనల్లో 2–1తో, 1964 ఆసియా కప్‌లో 2–0తో ఓడించాం. జకార్తాలోనే జపాన్‌ను 2–0తో ఓడించాం. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 1–1తో డ్రా చేశాం. అదే పోటీల్లో హంగరీ చేతిలో 1–2తో ఓడిన మ్యాచ్‌లో మన గోల్ కొట్టినది సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన బలరాం. ఆ హంగరీ ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఆసియా నిద్రపోతున్నప్పుడు గెలిచామనడానికి ఈ ఫలితాలు ఒప్పుకోవు.

జకార్తా ఫైనల్ గురించి కొంచెం నిదానంగా రాస్తాను, ఎందుకంటే ఆ ఒక్క మ్యాచ్‌లో నేను చెప్పదలచినదంతా ఉంది. గ్రూపు దశలో ఇదే కొరియా మనల్ని 2–0తో ఓడించింది. స్టాపర్‌గా ఆడే జర్నైల్ సింగ్‌కు థాయిలాండ్‌తో మ్యాచ్‌లో తలకు గాయమై కుట్లు పడ్డాయి. వెనుక వరుసలో ఆడే స్థితిలో లేని ఆ మనిషిని రహీం పక్కన కూర్చోబెట్టలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై జర్నైల్ గోల్ కొట్టాడు, 3–2తో గెలిచాం. బయట వాతావరణం మరీ విషమంగా ఉంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని మన దేశ ప్రతినిధి గురుదత్ సోంధీ తప్పుపట్టడంతో జకార్తాలో జనం మన రాయబార కార్యాలయం మీదికి వెళ్లారు. ఫైనల్ రోజు సెనయాన్ స్టేడియంలో లక్ష మంది దాకా ప్రేక్షకులు, దాదాపు అందరూ మనకు వ్యతిరేకంగా అరుస్తున్నవారే. ఆ హోరులో ఇరవై నిమిషాలు గడిచేలోపే పీకే బెనర్జీ ఒకటి, కుట్లున్న తలతో జర్నైల్ ఒకటి కొట్టారు. తనను ఓడించిన జట్టును పది రోజుల్లోపే చదువుకుని, గాయపడిన ఆటగాడిని కూడా సరైన చోట నిలబెట్టి గెలవడం అదృష్టం మీద నడిచే పని కాదు. ఆ శిక్షకుడికి అప్పటికే ఒంట్లో జబ్బు ముదిరి ఉంది.

ఇక 'ఉన్నచోటే నిలబడిపోయాం' అన్న మాట. అందుకు నేనూ ఒప్పుకుంటాను, కానీ ఎందుకు నిలబడిపోయాం? జపాన్ 1960లో జర్మనీ నుంచి డెట్‌మార్ క్రామర్ అనే శిక్షకుడిని రప్పించుకుంది. ఆయన జట్టుకు ఆట నేర్పడంతో ఊరుకోకుండా, శిక్షకులకు శిక్షణ ఇవ్వాలని, దేశానికి ఒక లీగ్ ఉండాలని పట్టుబట్టాడు. 1965లో జపాన్ లీగ్ మొదలైంది, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో ఆ దేశానికి కాంస్యం వచ్చింది. జపాన్ తన శిక్షకుడి పద్ధతిని వ్యవస్థగా మలుస్తున్న ఆ ఏళ్లలోనే మనం మన శిక్షకుడిని పోగొట్టుకుని, ఆయనతోపాటు పద్ధతినీ పోగొట్టుకున్నాం. మనకు జాతీయ లీగ్ వచ్చినది 1996లో.


విజిల్ (నరసన్నపేట):

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. చరిత్ర మీ అందరి అంత చదవలేదు కానీ, వట్టికాళ్ల మాట వచ్చింది కనుక నా కళ్లెదుట ఉన్నది రాస్తాను.

మా పిల్లలు ఇప్పటికీ వట్టికాళ్లతోనే మొదలుపెడతారు. మైదానంలో గ్రావెల్ ఉంటుంది, బొటనవేలి గోరు లేచిపోతే గుడ్డపేలిక చుట్టుకుని మళ్లీ దిగుతారు. వట్టికాలితో ఆడేవాడికి బంతి పాదం లోపలి వంపుకు అతుక్కుని ఉన్నట్టే ఉంటుంది, చిన్న చోటులో ముగ్గురిని తప్పించగలడు. కానీ దూరపు పాస్ ఇవ్వలేడు. కాలివేళ్లు నొప్పెడతాయన్న భయంతో బంతిని పూర్తి బలంతో తన్నడు, తడి నేల మీద నిలదొక్కుకోలేడు, బూట్లు వేసుకున్నవాడు అడ్డం వస్తే కాలు వెనక్కి తీసేస్తాడు. మండల పోటీలు దాటి జిల్లా పోటీలకు వెళ్లే ముందు ఎవరివో పాత బూట్లు అడిగి తెచ్చి వేయిస్తే, వారం రోజులు వాడి ఆటే వాడికి అర్థం కాదు. ఆ బరువుకు అడుగుల లెక్క తప్పుతుంది, బంతి ఎక్కడ తగిలిందో పాదానికి తెలియదు. ఆ వారంలో పక్కన నిలబడి ఓపికగా దిద్దేవాడు ఉంటే ఆటగాడు అవుతాడు, లేకపోతే బూట్లు విప్పేసి కబడ్డీకి వెళ్లిపోతాడు. హెల్సింకీలో ఓడిన జట్టు నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో నిలబడిందంటే, ఈ మార్పును పెద్ద వయసులో ఆటగాళ్లకు ఎవరో దగ్గరుండి నేర్పారన్నమాట. అది ఎంత కష్టమైన పనో నాకు తెలుసు.

మన జిల్లాలకు వేరే ఆటలో ఇటువంటి అదృష్టం దక్కింది. ఆముదాలవలస పక్కన ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న గారు బరువులెత్తడం నేర్పారు, అక్కడి నుంచి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీకి వెళ్లి కాంస్యం తెచ్చింది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో పెద్ద లిఫ్టర్లు చిన్నవాళ్లకు నేర్పుతూ వచ్చారు, మత్స సంతోషి 2014 కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచింది. ఆ ఊళ్లకు ఏ ప్రపంచ కప్ వేదికా ముందుగా రాలేదు, నేర్పేవాళ్లు ముందుగా ఉన్నారు. అందుకే నేను గంటస్తంభం గారి వైపు ఉన్నాను.


నాగావళి (శ్రీకాకుళం):

ఇంత చర్చ జరిగినా జాతీయ జట్టు అంటే మగవాళ్ల జట్టే అన్నట్టు అందరూ రాశారు. నా అభ్యంతరం అక్కడితో ఆగదు. మహిళల జట్టు చరిత్రను పక్కన పెట్టుకుంటే మీ ప్రశ్నకు సూటి జవాబు దొరుకుతుంది.

1980లో కాలికట్‌లో జరిగిన ఆసియా మహిళల ఛాంపియన్‌షిప్‌లో మనకు రెండో స్థానం వచ్చింది. 1983లో బ్యాంకాక్‌లో మళ్లీ రెండో స్థానమే. వీళ్లు ఏ బ్రెజిల్‌కూ వెళ్లడం మానలేదు. మహిళలకు అప్పటికి ప్రపంచ కప్పే లేదు, మొదటిది 1991లో చైనాలో జరిగింది. అయినా మగవాళ్ల జట్టు లాగే మహిళల జట్టు కూడా తరువాత కిందికి జారింది. 1950 మూలమైతే ఈ జారుడుకు కారణం ఏమిటో కోటబురుజు గారు చెప్పాలి. క్రమబద్ధమైన లీగ్ లేదు, బాలికలకు నేర్పే శిక్షకులు లేరు, ఏడాది పొడవునా మ్యాచ్‌లు లేవు. రెండు జట్లకూ తగిలిన జబ్బు ఒకటే.

2022లో మన దేశంలోనే ఆసియా కప్ జరిగినప్పుడు, ఇరాన్‌తో 0–0 డ్రా తరువాత జట్టులో కోవిడ్ వ్యాపించి చైనీస్ తైపీతో మ్యాచ్‌కు సరిపడా ఆటగాళ్లు లేకపోవడంతో పోటీ నుంచే తప్పుకోవలసి వచ్చింది. ఆ పోటీయే మహిళల ప్రపంచ కప్‌కు అర్హత పోటీ కూడా కనుక, చేతికందిన ప్రపంచ కప్ అవకాశం అలా పోయింది. ఒక వేదిక చేజారడమే ఆటను దెబ్బతీసేదైతే ఆ జట్టు అక్కడితో చతికిలబడాలి. కానీ 2025 జులైలో చియాంగ్ మాయిలో ఆతిథ్య జట్టు థాయిలాండ్‌ను 2–1తో ఓడించి, సంగీతా బాస్ఫోర్ రెండు గోల్స్‌తో, మైదానంలో ఆడి గెలిచి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది. ఆ అర్హత పోటీల్లో ఆడిన సౌమ్య గుగులోత్ నిజామాబాద్ జిల్లా అమ్మాయి. తెలుగు పత్రికల్లో ఆ విజయానికి దక్కిన చోటు చూసి నాకు చాలా బాధ కలిగింది. మా కాలేజీలో ఫుట్‌బాల్ ఆడే అమ్మాయిలకే ఆ పేరు తెలియదు.


కోటబురుజు (బొబ్బిలి):

నాగావళి గారి ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. మహిళల జట్టు విషయంలో నా వాదన పనిచేయదని ఒప్పుకుంటున్నాను. విజిల్ మాస్టారు రాసినది కూడా కాదనలేనిది.

అయితే మగవాళ్ల జట్టు విషయంలో నా మాట మీదే ఉన్నాను. శిక్షకులు ఎందుకు తయారు కాలేదు, పద్ధతి ఎందుకు వ్యవస్థగా మారలేదు అని అడిగితే, సమాఖ్యకు అటువంటి అవసరం ఎప్పుడూ కలగలేదని జవాబు వస్తుంది. ప్రపంచ కప్ అర్హత పోటీలు ఆడే దేశానికి నాలుగేళ్లకొకసారి తన స్థాయి ఏమిటో తేటతెల్లంగా తెలుస్తుంది. మనకు ఆ అద్దం ముప్పై ఐదేళ్లు లేదు. తీరా 1985లో దిగితే ఇండోనేషియా, థాయిలాండ్, బంగ్లాదేశ్ ఉన్న గ్రూపులో ఇండోనేషియా వెనుక రెండో స్థానంలో ఆగిపోయాం. 1974లోనో 1978లోనో దిగి ఉంటే అక్కడి లోపాలు పదేళ్ల ముందే బయటపడేవి.


గంటస్తంభం (విజయనగరం):

అర్హత పోటీలకు అన్నేళ్లు దూరంగా ఉండటం పెద్ద నేరమన్న మాటను నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను. కానీ లోపాలు బయటపడలేదన్న మాటకు మాత్రం ఒప్పుకోను. అవి బయటపడ్డ తేదీలు మన ముందే ఉన్నాయి.

1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో జపాన్‌ను 1–0తో ఓడించి కాంస్యం గెలిచాం. అప్పటికి రెండేళ్ల ముందు ఒలింపిక్ కాంస్యం గెలిచిన జపాన్ అది. మన జట్టు నాయకుడు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ నయీముద్దీన్. శిక్షణ బాధ్యత చూసినవారిలో పీకే బెనర్జీ ఉన్నారు, జకార్తాలో రహీం కింద ఆడిన మనిషి. రహీం పోయి ఏడేళ్లయినా ఆ పాఠం ఇంకా జట్టులో ఎవరో ఒకరికి గుర్తుంది. నాలుగేళ్లు గడిచేసరికి 1974 టెహ్రాన్ ఆసియా క్రీడల్లో గ్రూపు దశలో ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడాం. ఈ నాలుగేళ్లలోనే మన జట్టు విరిగింది. ఆ తరువాతి వరుస అందరికీ తెలిసినదే: 1984 ఆసియా కప్‌లో ఇరాన్‌తో ఒక్క 0–0 డ్రా తప్ప ఏమీ లేదు, ఒక్క గోల్ కూడా లేదు. మళ్లీ ఆ పోటీలకు చేరుకోవడానికి 2011 దాకా ఆగవలసి వచ్చింది. అది కూడా 2008లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ ఫైనల్లో సునీల్ ఛెత్రి తజికిస్తాన్‌పై హ్యాట్రిక్ చేయడం వల్ల. 2019లో థాయిలాండ్‌పై 4–1తో గెలిచినప్పుడు ఎంతో ఆశపడ్డాం, చివరి మ్యాచ్‌లో బహ్రెయిన్‌కు తొంభై నిమిషాలు దాటాక ఇంజురీ టైమ్‌లో పెనాల్టీ ఇచ్చి ఇంటికి వచ్చాం. 2024 జనవరిలో ఖతార్‌లో మూడు మ్యాచ్‌లు ఆడి, మూడూ ఓడి, ఒక్క గోల్ కూడా కొట్టకుండా తిరిగి వచ్చాం.

బ్రెజిల్‌కు వెళ్లకపోవడమే మూలమైతే ఆ ఫలితం కనబడటానికి ఇరవై నాలుగేళ్లు ఎందుకు పట్టింది? రహీం శిష్యులు ఆడినంత కాలం, వారు నేర్పినంత కాలం జట్టు నిలిచింది. వారు తప్పుకోగానే పడిపోయింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచిందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఆ విజయం ఆ హైదరాబాద్ బడి నుంచి వచ్చినదే. ఆ బడి ఒక్క నగరానికే పరిమితమైంది, మన జిల్లాల దాకా రానేలేదు.


పొందూరు (పొందూరు, శ్రీకాకుళం జిల్లా):

1970కీ 1974కీ మధ్య జరిగినదాన్ని నేను ఇంతకుముందు పట్టించుకోలేదు. ఆ జపాన్ ఫలితంతో 'ఆసియా నిద్రపోతున్నప్పుడు గెలిచాం' అన్న నా మాట బలహీనపడింది. అయినా గల్ఫ్ దేశాలు డబ్బు పోసి స్టేడియాలు కట్టి, బయటి నుంచి శిక్షకులను తెచ్చుకున్న కాలం కూడా సరిగ్గా అదే. అవతలివాళ్లు పెరగడం ఎంత, మనం తగ్గడం ఎంత అన్నది ఇంకా తేల్చవలసి ఉంది.


కోటబురుజు (బొబ్బిలి):

1974ను విరిగిన తేదీగా నేనూ అంగీకరిస్తున్నాను. కానీ ఆ ఓటమి తరువాత కూడా, 1978, 1982 ప్రపంచ కప్‌ల అర్హత పోటీలకు మనం దిగలేదు. జట్టు పడిపోయిందని తెలిసిన తరువాత కూడా దిగలేదంటే, దానికి శిక్షకుడు లేకపోవడం ఒక్కటే సమాధానం కాదు, గంటస్తంభం గారూ. ఆ నిర్ణయం తీసుకున్నవారి మనసులో 1950 ఉందా లేదా అన్నదాని మీద మన ఇద్దరి దారులు వేరు.


విజిల్ (నరసన్నపేట):

నాగావళి గారికి ఒక మాట. వచ్చే నెల మా డివిజన్‌లో బాలికల పాఠశాల పోటీలు ఉన్నాయి. చాలా బడులు ఫుట్‌బాల్‌కు జట్టు పేరే ఇవ్వవు. మీ కాలేజీ అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు వచ్చి మా పిల్లలతో పది రోజులు సాయంత్రాలు ఆడగలిగితే, మా బడి నుంచి ఈసారి జట్టు దింపుతాను. బూట్లు ఆరు జతలు ఉన్నాయి, మిగతావాటికి ప్రయత్నిస్తున్నాను.


నాగావళి (శ్రీకాకుళం):

తప్పకుండా వస్తాము మాస్టారూ. నలుగురు ఒప్పుకున్నారు, అందులో ఒకరు గోల్‌కీపర్. పాదాల కొలతలు పంపితే మా సీనియర్ల దగ్గర ఉన్న పాత బూట్లు కూడా తెస్తాము.